ఫైటర్లు నేలకు దిగిన ఏడాది: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో, రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్సు తీరంలో దిగిన నార్మండీ దాడి గురించి రాస్తూ, 1944 వేసవిలో జర్మన్ సైనికులు పగటిపూట రోడ్డెక్కాలంటేనే వణికిపోయేవాళ్లని ఒక్క మాట రాసి ముందుకెళ్లిపోయాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క మాట మీదే ఉన్నాయి. ఎందుకు వణికారు, ఎవరు వణికించారు, ఆ విమానాలు ఏం చేసేవి అని అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఫైటర్ విమానాలకే ఇచ్చేస్తున్నాను. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఫైటర్ పని శత్రు విమానాలతో పోరాడటం కదండీ? లారీల మీదికీ రైళ్ల మీదికీ వాటిని పంపడమెందుకు? ఆ పనికి బాంబర్లు లేవా?

జవాబు: బాంబర్లు వేలల్లో ఉన్నాయి. కానీ ఆరేడు వేల మీటర్ల ఎత్తు నుంచి బాంబులు వదిలే నాలుగింజన్ల బాంబర్‌కి ఊరు కనిపిస్తుంది, ఫ్యాక్టరీ కనిపిస్తుంది గానీ, చెట్ల నీడన జారుకుంటున్న పెట్రోలు లారీ కనిపించదు. కనిపించినా కొట్టలేదు. దాన్ని పట్టుకోవాలంటే కిందికి దిగాలి, వేగంగా దిగాలి, కొట్టి అంతే వేగంగా పైకి పోవాలి. అది ఫైటర్‌కే సాధ్యం.

ఇక 1944లోనే ఎందుకంటే, అప్పటికి ఫైటర్లకు చేతినిండా తీరిక దొరకడం మొదలైంది. ఆ ఏడాది జనవరిలో ఇంగ్లండ్‌లోని అమెరికా ఎనిమిదో వైమానిక దళానికి జిమ్మీ డూలిటిల్ అధిపతిగా వచ్చాడు. అప్పటిదాకా ఫైటర్లు బాంబర్లను అంటిపెట్టుకుని కాపలా కాయాల్సి ఉండేది. ఆయన ఆ కట్టు విప్పేసి, జర్మన్ ఫైటర్లు ఎక్కడుంటే అక్కడికి వెళ్లి వేటాడమన్నాడు. బాంబర్ సిబ్బందికి ఆ నిర్ణయం అస్సలు నచ్చలేదు, మమ్మల్ని గాలికొదిలేశారని బాధపడ్డారు. కానీ వసంతం గడిచేసరికి జర్మన్ వైమానిక దళం అనుభవమున్న పైలట్లను పోగొట్టుకుని కుదేలైపోయింది. ఇంటికి తిరిగొస్తూ తుపాకుల్లో తూటాలు మిగిలిన ఫైటర్లు దారిలో కనిపించిన ఎయిర్‌ఫీల్డ్‌నో రైలింజన్‌నో కొట్టి రావడం అలవాటైపోయింది. జూన్ 6న సేనలు నార్మండీ తీరంలో దిగాక అదే ప్రధానమైన పని అయింది. అమెరికన్ల తొమ్మిదో వైమానిక దళం, బ్రిటిష్ వారి రెండో టాక్టికల్ ఎయిర్‌ఫోర్స్ రెండూ నేల మీది సైన్యాలకు తోడుగా నిలవడానికే ఉన్నాయి.

ఇందులో నన్ను బాగా పట్టుకున్న సంగతి ఒకటుంది. తీరం దగ్గర శత్రువును ఆపాలంటే ట్యాంకులను ముందే తీరానికి దగ్గరగా పెట్టాలని, వెనక ఎక్కడో దాచిపెట్టి అవసరమైనప్పుడు రప్పిద్దామంటే ఆకాశం నుంచి దెబ్బలు తింటూ అవి సమయానికి రాలేవని జర్మన్ సేనాని రొమ్మెల్ మొత్తుకున్నాడు. పై అధికారులు, తోటి సేనానులు పూర్తిగా ఒప్పుకోలేదు. చివరికి జరిగిందేమిటి? నార్మండీలో జూన్ రాత్రి చాలా చిన్నది, గట్టి చీకటి ఐదారు గంటలే. ఆ కాసేపట్లోనే కదలాలి, తెల్లారేసరికి చెట్ల కింద దూరాలి, బండ్ల మీద కొమ్మలు కప్పాలి, ముందు మడ్‌గార్డు మీద ఒకణ్ణి కూర్చోబెట్టి ఆకాశం చూస్తూ ఉండమనాలి. 1944 జూలై 17న రొమ్మెల్ స్వయంగా ఓపెన్ కారులో ముందు వరుసల నుంచి తిరిగొస్తుంటే, సెంత్-ఫ్వా-ద-మోంగొమెరీ అనే పల్లె దగ్గర బ్రిటిష్ స్పిట్‌ఫైర్ ఫైటర్లు ఆ కారును పట్టేశాయి. డ్రైవర్ గాయాలతో చనిపోయాడు, రొమ్మెల్ పుర్రె చిట్లింది. ఆయన మళ్లీ యుద్ధరంగానికి రాలేదు. రోడ్ల గురించి అందరికంటే గట్టిగా హెచ్చరించిన మనిషి ఆ రోడ్డు మీదే పడిపోయాడు.

ప్రశ్న: అమెరికన్ ఫైటర్ థండర్‌బోల్ట్ పైలట్లు జర్మన్ టైగర్ ట్యాంకు వెనక రోడ్డు మీద కాల్చేవారని, తూటాలు రోడ్డుకు తగిలి పైకెగిరి ట్యాంకు పొట్టలోకి దూరేవని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

జవాబు: కాదండీ. ఇదే ప్రశ్న ఈసారి చాలామంది అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆ మాట చెప్పినవాళ్లలో స్వయంగా విమానం నడిపిన పైలట్లు కూడా ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేననను, అలా జరిగిందని నిజంగానే నమ్మారు. కానీ లెక్క కుదరదు. థండర్‌బోల్ట్ మెషిన్‌గన్ తూటా మందం 12.7 మిల్లీమీటర్లు. టైగర్ ట్యాంకు అడుగు రేకు 25 మిల్లీమీటర్లు. దగ్గర్నుంచి నిటారుగా కాల్చినా ఆ రేకు ఆ తూటాకి కష్టమే. ఇక రోడ్డుకు తగిలి ఎగిరిన తూటా సంగతి చూడండి: తగలగానే సగం శక్తి పోతుంది, ఆకారం వంకరపోతుంది, గిరగిరా తిరుగుతూ వెళ్తుంది. పైగా వచ్చిన కోణంలాగే పోయే కోణం కూడా చాలా ఏటవాలు. అంటే రేకును గుచ్చుకోదు, రాసుకుంటూ జారిపోతుంది. మామూలు మట్టిరోడ్డయితే తూటా అందులోనే కూరుకుపోతుంది.

మరి పైలట్‌కి ఏం కనిపించి ఉంటుంది? గంటకు ఐదారు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తున్నవాడికి లక్ష్యం కనిపించేది రెండు మూడు సెకన్లే. ట్యాంకు మీద నిప్పురవ్వలు లేస్తాయి, దుమ్ము లేస్తుంది, పక్కనున్న పెట్రోలు బండి పేలుతుంది, పొగ కమ్మేస్తుంది. ట్యాంకు వెనకభాగంలో ఇంజన్ గాలికోసం పెట్టిన జాలీలుంటాయి, పైనుంచి కాలిస్తే వాటిలోంచి కొన్ని తూటాలు లోపలికి పోయి ఇంజన్ చెడిపోయే అవకాశమూ ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ట్యాంకు ఆగిపోయి ఉంటుంది. ఎందుకు ఆగిందో ఆకాశం నుంచి తెలిసే దారి లేదు.

ప్రశ్న: తూటాలు కాదు సరే, బ్రిటిష్ ఫైటర్ టైఫూన్ రాకెట్ల మాటేమిటి? ఒక్క టైఫూన్ వదిలే రాకెట్లు ఒక యుద్ధనౌక తుపాకులన్నీ ఒక్కసారి పేలినంత అంటారే?

జవాబు: శక్తి విషయంలో ఆ పోలికలో పెద్ద తప్పేం లేదు. టైఫూన్ రెక్కల కింద ఎనిమిది రాకెట్లు, ఒక్కోదాని ముందు ఉండే పేలే భాగం బరువు సుమారు 27 కిలోలు. తగిలితే ఏ ట్యాంకైనా అయిపోయినట్టే. చిక్కంతా ఆ తగలడంలోనే ఉంది.

అప్పటి రాకెట్‌కి దారి చూపించే యంత్రం ఏదీ లేదు. రెక్క కింద పట్టాల మీంచి జారి, తన మోటారుతో తాను పోతుంది. మొదట్లో నెమ్మదిగా ఉంటుంది కాబట్టి కిందికి వాలుతుంది, ఆ వాలుని పైలట్ ముందే అంచనా వేసి ముక్కును కాస్త పైకి పెట్టాలి. గాలి ఏ పక్క నుంచి వీస్తోందో చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వదిలే క్షణంలో విమానం ఒక్క పిసరు కూడా పక్కకు జారకూడదు. కాలికింద రడ్డర్ పెడల్‌ని కొంచెం ఎక్కువ తొక్కితే చాలు, రాకెట్లన్నీ పొలంలో పడతాయి. ఇదంతా కింద నుంచి మీ మీదికి తుపాకులు కాలుస్తుండగా, నేల మీదికి మీదికొస్తుండగా చేయాలి. ఆ టెన్షన్‌లో చెయ్యి వణక్కుండా ఉండటం ఎంత కష్టమో ఊహించుకోండి.

బ్రిటిష్ వాళ్లు ఒకసారి దొరికిన జర్మన్ పాంథర్ ట్యాంకును ఖాళీ మైదానంలో నిలబెట్టి, బాగా కనబడేలా తెల్లరంగు వేసి, టైఫూన్లతో కొట్టించి చూశారు. ఎదురు కాల్పులు లేవు, ట్యాంకు కదలదు. 64 రాకెట్లు వదిలితే తగిలినవి 3.

ఇక అసలు యుద్ధంలో ఎలా ఉంటుందో నార్మండీలోని మోర్తాన్ అనే ఊరు చూపించింది. 1944 ఆగస్టు 7న హిట్లర్ ఆజ్ఞ మీద జర్మన్ ట్యాంకులు మోర్తాన్ మీదుగా సముద్రం వైపు చొచ్చుకెళ్లి అమెరికన్ సేనను రెండుగా చీల్చాలని బయలుదేరాయి. పొద్దున పొగమంచు వాళ్లకు గొడుగులా పనిచేసింది. మధ్యాహ్నానికి మంచు విడిపోగానే టైఫూన్లు, థండర్‌బోల్ట్‌లు వంతులవారీగా వచ్చిపడ్డాయి. సాయంత్రానికి దాడి చతికిలపడింది. ఆ నాలుగైదు రోజుల్లో పైలట్లు కొట్టామని చెప్పిన ట్యాంకుల లెక్క రెండు వందలు దాటింది. తర్వాత బ్రిటిష్ పరిశోధకుల బృందం ఒకటి ఆ పొలాల్లో నడుచుకుంటూ వెళ్లి, ఒక్కో శిథిలం దగ్గర ఆగి, కన్నం ఎటు నుంచి పడింది, ఏ ఆయుధంతో పడిందని పరీక్షించింది. వాళ్లకు దొరికిన ట్యాంకులు, ట్యాంకు లాంటి తుపాకీ బండ్లు కలిపి 46. వాటిలో విమానాల దెబ్బకు పోయినవని తేల్చింది తొమ్మిది మాత్రమే. నేల మీద అమెరికన్ సైనికులు ఫిరంగులతో, బజూకాలతో కొట్టినవి అంతకు రెట్టింపు పైనే.

ఈ లెక్క చెప్పి టైఫూన్ వల్ల ఏమీ కాలేదని రాసేవాళ్లను చూశాను. వాళ్లతో నేను ఏకీభవించను. అదే బృందానికి సిబ్బంది వదిలేసి పారిపోయిన ట్యాంకులు, వాళ్లే తగలబెట్టుకున్న ట్యాంకులు కూడా కనిపించాయి. ట్యాంకులో కూర్చున్నవాడికి తన మీదికొచ్చే రాకెట్ తగిలే అవకాశం వందకు ఐదని తెలియదు కదా, తెలిసినా ఆ చప్పుడు వింటూ కూర్చోలేడు. పైగా వెనక రావాల్సిన పెట్రోలు లారీలు, మందుగుండు లారీలు పలచటి రేకు బండ్లు, వాటికి రాకెట్ అక్కర్లేదు, తుపాకీ చాలు. పెట్రోలు రాని ట్యాంకు 45 టన్నుల ఇనుప పెట్టె, అంతే. అందుకే నన్నడిగితే ఈ విమానాలు గెలిచింది ట్యాంకుల మీద కాదు, రోడ్ల మీద.

ప్రశ్న: అమెరికన్ ఫైటర్లలో థండర్‌బోల్ట్ గొప్పదా, మస్టాంగ్ గొప్పదా? మా హాస్టల్‌లో రోజూ గొడవే.

జవాబు: పైన ఆకాశంలో, దూరం వెళ్లే పనిలో మస్టాంగ్. కింద నేల దగ్గర కళ్లు మూసుకుని థండర్‌బోల్ట్. కారణం ఇంజన్.

మస్టాంగ్‌ది నీళ్లతో చల్లబడే మెర్లిన్ ఇంజన్. పొట్ట కింద రేడియేటర్, అక్కడి నుంచి ఇంజన్ దాకా గొట్టాలు. ఆ గొట్టాల్లో ఒకదానికి మామూలు రైఫిల్ తూటా ఒక్కటి తగిలినా చాలు. మొదట తెల్లటి ఆవిరి చార కనిపిస్తుంది, తర్వాత వేడి ముల్లు ఎర్రగీత దాటుతుంది, కొద్ది నిమిషాల్లో ఇంజన్ పట్టేస్తుంది. ఈలోపు ఎత్తు సంపాదించుకుని పారాచూట్‌తో దూకాలి, లేదా పొలం చూసుకుని దింపాలి. టైఫూన్‌కి కూడా ఇదే బలహీనత, దాని రేడియేటర్ గడ్డం కిందే పెద్ద నోరు తెరుచుకుని ఉంటుంది.

థండర్‌బోల్ట్‌ది ప్రాట్ అండ్ విట్నీ వారి 18 సిలిండర్ల ఇంజన్, గాలితో చల్లబడుతుంది. రేడియేటర్ లేదు, నీళ్ల గొట్టాలు లేవు. సిలిండర్ ఒకటి రెండు ఎగిరిపోయినా, విండ్‌స్క్రీన్ నిండా నూనె చిమ్ముతున్నా, దగ్గుకుంటూ దగ్గుకుంటూ ఇంటికి చేరిన విమానాల కథలు ఆ దళాల్లో కోకొల్లలు. పైలట్ ముందు అంత లావు ఇంజన్ ఉండటం కూడా కవచమే. బాంబులతో పూర్తిగా నింపితే విమానం బరువు ఏడు టన్నులు దాటేది.

ఇక తుపాకులు. రెక్కల్లో ఎనిమిది మెషిన్‌గన్లు, ఒక్కోటి నిమిషానికి సుమారు 800 తూటాలు కాలుస్తుంది. ఎనిమిదీ కలిస్తే సెకనుకు వందకు పైమాటే. ఒక్కో గన్‌కి ఎక్కువలో ఎక్కువ 425 తూటాలు పడతాయి. భాగించి చూడండి, మొత్తం కాల్పుల సమయం అర నిమిషం! బాంబులు మోసుకెళ్లేటప్పుడు బరువు తగ్గించడానికి తూటాలు ఇంకా తక్కువ పెట్టేవారు, అప్పుడు ఇరవై సెకన్లే. మూడు గంటలు ఎగిరొచ్చిన మనిషి ఆ రోజు నిజంగా ట్రిగ్గర్ నొక్కింది ఇరవై సెకన్లంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. అందుకే ఒక్కోసారి ఒకటి రెండు సెకన్లకు మించి నొక్కేవారు కాదు.

ప్రశ్న: రైళ్లను కొట్టే పాత వీడియోల్లో ఇంజన్ నుంచి తెల్లటి పొగ ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. అది బాంబా?

జవాబు: అది ఆవిరి. రైలింజన్ బాయిలర్‌లో ఒత్తిడితో ఉన్న ఆవిరి తూటాల కన్నాల్లోంచి ఒక్కసారిగా బయటికొస్తుంది. పైలట్‌కి అంతకంటే మంచి గుర్తు ఇంకోటి లేదు. ఆ ఇంజన్ ఇక కదలదని దూరం నుంచే తెలిసిపోతుంది. ఒక్క ఇంజన్ లైనుకి అడ్డంగా ఆగిపోతే వెనక వచ్చే బండ్లన్నీ ఆగిపోతాయి, బాయిలర్ బాగుచేయాలంటే వర్క్‌షాపుకి చేర్చాలి, చేర్చడానికి ఇంకో ఇంజన్ కావాలి. నార్మండీ దాడికి రెండు వారాల ముందు, 1944 మే 21న, వందలాది ఫైటర్లు కేవలం రైలింజన్ల వేటకే బయలుదేరాయి.

జర్మన్లు ఊరుకోలేదు. రైళ్లలో పెట్టెల మధ్య తుపాకీ పెట్టెలు కలిపారు. బయటికి మామూలు గూడ్సు పెట్టెలా ఉంటుంది, ఫైటర్ దగ్గరికి రాగానే పక్క గోడలు కిందికి పడిపోయి, లోపల నాలుగు గొట్టాల 20 మిల్లీమీటర్ల తుపాకీ బయటపడుతుంది. ఖాళీ లారీల్ని ఎరగా రోడ్డు మీద వదిలి చుట్టూ పొదల్లో తుపాకులు పెట్టి కాచుక్కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి.

ఆ రైలింజన్‌లో ఎవరుండేవారనేది కూడా చెప్పాలి. ఫ్రాన్సులో అయితే చాలాసార్లు ఫ్రెంచి డ్రైవరే, ఫ్రెంచి ఫైర్‌మనే. జర్మన్ల కోసం బండి నడపకపోతే జైలు, నడిపితే మిత్రుల విమానం. ఎటు చూసినా గండమే. అలా బాయిలర్ ముందు నిలబడి చనిపోయిన రైల్వే కార్మికులు చాలామంది. 1945 వచ్చేసరికి జర్మనీలో పొలంలో పనిచేసే ఆడవాళ్లు, సైకిలు మీద పోయేవాళ్లు కూడా విమానం చప్పుడు వినగానే గుంటల్లోకి దూకడం నేర్చుకున్నారు. అన్ని కాల్పులూ సైనిక లక్ష్యాల మీదే జరిగాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రశ్న: ఆ విమానాల మీద నలుపు తెలుపు చారలు దేనికి?

జవాబు: మనవాళ్లే మనవాళ్లను కాల్చకుండా. మూడు తెల్ల చారలు, రెండు నల్ల చారలు, రెక్కల మీద, తోక ముందు. రహస్యం బయటపడకూడదని దాడికి కొద్దిగా ముందే, ఆదరాబాదరాగా, చాలాచోట్ల చీపురు లాంటి కుంచెలతో పూసేశారు. అప్పటి ఫొటోల్లో చారలు వంకరగా ఉండేది అందుకే.

ప్రశ్న: ట్యాంకులో ఉన్న సైనికుడు పైనున్న పైలట్‌కి "అదిగో ఆ చెట్టు వెనక" అని ఎలా చెప్పేవాడు? ఫోన్లు కూడా సరిగా లేని రోజులు కదా.

జవాబు: మొదట్లో చెప్పలేకపోయేవాడు, అదే పెద్ద లోటు. సైన్యం రేడియోలు వేరు, విమానం రేడియోలు వేరు, ఒకదాని మాట ఒకదానికి వినబడదు. విన్నపం కింద నుంచి ఆఫీసులన్నీ ఎక్కి దిగి విమానం చేరేసరికి శత్రువు వెళ్లిపోయేవాడు.

ఇటలీలో బ్రిటిష్ వాళ్లు ఒక దారి కనిపెట్టారు. ఫైటర్లను యుద్ధరంగం మీద గాల్లోనే వరసలో తిప్పుతూ ఉంచడం, కింద ముందు వరుసలో ఉన్న వైమానిక అధికారి పిలిస్తే వరసలో మొదటిది దిగడం. స్టాండులో టాక్సీలు వరసలో ఆగి ఉంటాయి చూడండి, దీనికి ‘క్యాబ్ ర్యాంక్’ అని ఆ పేరే పెట్టారు. నార్మండీలో అమెరికన్ జనరల్ ఎల్వుడ్ కెసాడా ఇంకో అడుగు ముందుకేశాడు. షెర్మన్ ట్యాంకులోనే విమానాల రేడియో బిగించి, దాని ముందు ఒక పైలట్‌ను కూర్చోబెట్టాడు. ఆకాశం నుంచి నేల ఎలా కనిపిస్తుందో తెలిసినవాడు కాబట్టి, పైనున్నవాడికి అర్థమయ్యే భాషలో చెబుతాడు. చర్చి గోపురం నుంచి ఉత్తరానికి రెండో పొలం, మూల మీద ట్యాంకు అంటే పైవాడికి వెంటనే బోధపడుతుంది. జూలై 25న మొదలైన, కోబ్రా అనే అమెరికన్ సేనల దాడిలో ట్యాంకుల వరస ముందుకెళ్తుంటే, నాలుగు థండర్‌బోల్ట్‌లు ఎప్పుడూ నెత్తిమీద ఉండేవి, వాటి సమయం అయిపోగానే ఇంకో నాలుగు. మలుపు అవతల ఏముందో ట్యాంకు కంటే ముందే పైలట్ చూసి చెప్పేసేవాడు. ఈ యుద్ధంలో నాకు అన్నిటికంటే ముచ్చటేసిన ఆలోచన ఇదే. కొత్త ఆయుధం ఏదీ లేదు, ఉన్న ఇద్దరి మధ్య మాట కలిపారు, అంతే.

మాట కలవని చోట ఏమవుతుందో కూడా చెప్పాలి. 1944 ఆగస్టు 27న ఫ్రాన్సు తీరంలో లె హావ్ర్ దగ్గర బ్రిటిష్ మైన్‌స్వీపర్ నౌకలు సముద్రంలోని మందుపాతరలు ఏరుతున్నాయి. వాటి మీదికి బ్రిటిష్ టైఫూన్లనే పంపారు. దళ నాయకుడికి అవి మన నౌకల్లా ఉన్నాయే అని అనుమానం వచ్చింది, రేడియోలో మళ్లీ మళ్లీ అడిగాడు. అక్కడ మన నౌకలు లేవు, కొట్టమన్నారు. బ్రిటోమార్ట్, హుస్సార్ అనే రెండు నౌకలు మునిగిపోయాయి, వందమందికి పైగా సొంత నావికులు చనిపోయారు. నౌకల దారి మార్చిన సంగతి చేరాల్సిన చోటికి చేరలేదు.

ప్రశ్న: గాల్లో పోరాటంలో అన్ని విమానాలను కూల్చిన ఏస్ పైలట్లు, ఎదురు విమానాలే లేని నేల దాడుల్లో ఎందుకు పోయారు?

జవాబు: నైపుణ్యం పనిచేసే చోటు వేరు, పనిచేయని చోటు వేరు కాబట్టి. గాల్లో ఎదురుగా ఉన్నది ఇంకో మనిషి, వాడికంటే మీరు బాగా నడిపితే బతుకుతారు. నేలకు యాభై మీటర్ల ఎత్తులో, ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ ఉన్న డజన్లకొద్దీ తుపాకులు ఒకేసారి మీ ముందు గాల్లోకి తూటాల తెర కడితే, కొత్త పైలట్ అయినా ఏస్ అయినా ఆ తెరలోంచే పోవాలి. తగిలితే దూకడానికి ఎత్తు కూడా ఉండదు.

ఫ్రాన్సిస్ గాబ్రెస్కీ సంగతి చూడండి. గాల్లో 28 విమానాలు కూల్చిన థండర్‌బోల్ట్ పైలట్. 1944 జూలై 20న సెలవు మీద అమెరికా వెళ్లిపోవాల్సిన మనిషి, పెళ్లి చేసుకోబోతున్నవాడు, ఇంకొక్క మిషన్ అని బయలుదేరాడు. కోబ్లెంజ్ దగ్గర ఒక ఎయిర్‌ఫీల్డ్ మీద నిలిపి ఉంచిన విమానాలను కాలుస్తూ, తూటాలు పైనుంచి పోతున్నాయని ముక్కును ఇంకాస్త కిందికి దించాడు. ప్రొపెల్లర్ కొనలు నేలకు గీసుకున్నాయి. రెక్కలు వంగిన ప్రొపెల్లర్‌తో విమానం వణికిపోతుంటే పొలంలో పొట్టమీద దింపేశాడు. ఐదు రోజులు దాక్కుని తిరిగి చివరికి దొరికిపోయాడు, మిగతా యుద్ధమంతా ఖైదీల శిబిరంలోనే. చావు తప్పి బయటపడ్డవాళ్లలో ఆయన ఒకడు. నార్మండీలో నువాయె-బొకాజ్ అనే ఊళ్లో ఆ వేసవి పోరులో చనిపోయిన టైఫూన్ పైలట్ల స్మారకం ఉంది, దాని మీద 151 పేర్లున్నాయి.

ప్రశ్న: జర్మన్లు ఇలాంటి దాడులు చేయలేదా?

జవాబు: చేశారు, ఒకటి చాలా పెద్దది. 1945 జనవరి 1 తెల్లవారుజామున సుమారు ఎనిమిది వందలకు పైగా జర్మన్ ఫైటర్లు బెల్జియం, హాలండ్, ఫ్రాన్సులలోని మిత్రరాజ్యాల ఎయిర్‌ఫీల్డ్‌ల మీద చెట్ల ఎత్తులో వచ్చిపడ్డాయి. ఐంట్‌హోవెన్ లాంటి చోట్ల నిలిపి ఉన్న విమానాలు వరసగా తగలబడ్డాయి. కానీ ఆ పథకాన్ని ఎంత రహస్యంగా ఉంచారంటే, జర్మన్ విమాన విధ్వంసక దళాల్లో చాలామందికే చెప్పలేదు, సొంత తుపాకులే సొంత విమానాల్ని కొట్టాయి. మిత్రరాజ్యాలు పోగొట్టుకున్నది ఎక్కువగా ఖాళీ విమానాలు, కొద్ది రోజుల్లో కొత్తవి వచ్చాయి. జర్మనీ ఆ ఒక్క ఉదయం సుమారు 300 విమానాలతో పాటు 200 మందికి పైగా పైలట్లను పోగొట్టుకుంది, వాళ్లలో దళాలను నడిపించే పాతకాపులు కూడా ఉన్నారు. వాళ్ల స్థానంలోకి తీసుకురావడానికి ఎవరూ మిగల్లేదు.

ప్రశ్న: ఇందులో భారతీయ పైలట్లు ఉన్నారా?

జవాబు: ఉన్నారు, బర్మా వైపు. 1944లో జపాన్ సేన ఇంఫాల్‌ను చుట్టుముట్టినప్పుడు భారత వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ హరికేన్ విమానాలతో అక్కడే ఉండి, కొండల మధ్య జపాన్ సేనల కదలికలు కనిపెట్టడం, కనిపించినవాటిని కాల్చడం చేసింది. దాని నాయకుడు అర్జన్ సింగ్, తర్వాతి కాలంలో మన వైమానిక దళాధిపతి. ఆయనకు అక్కడే, ఇంఫాల్‌లోనే, మౌంట్‌బాటెన్ చేతుల మీదుగా డి.ఎఫ్.సి. (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం అందింది. దీని మీద విడిగా రాయాల్సినంత ఉంది, ఇక్కడ సరిపోదు.

ప్రశ్న: యుద్ధం చివర్లో టైఫూన్లు ఖైదీల నౌకను ముంచేశాయని విన్నాను. నమ్మబుద్ధి కావడం లేదు.

జవాబు: నిజమే. దీనికి జవాబు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

1945 మే 3. ఉత్తర జర్మనీలో లూబెక్ అఖాతంలో, నోయ్‌స్టాట్ రేవు దగ్గర, కాప్ అర్కోనా అనే పెద్ద ప్రయాణికుల నౌక, దాని దగ్గర్లో థీల్‌బెక్ అనే సరుకుల నౌక లంగరేసి ఉన్నాయి. జర్మన్ సైనికులు, అధికారులు నౌకలెక్కి నార్వే పారిపోతున్నారని బ్రిటిష్ వారికి సమాచారం. నిజానికి ఆ రెండు నౌకల నిండా ఉన్నది నోయెన్‌గామె నిర్బంధ శిబిరం నుంచి తరలించిన ఖైదీలు, వేల సంఖ్యలో. ఖైదీలున్నారని ముందురోజే రెడ్‌క్రాస్ ప్రతినిధి బ్రిటిష్ అధికారులకు చెప్పాడు. ఆ మాట పైలట్ల దాకా రాలేదు. మధ్యాహ్నం టైఫూన్లు రాకెట్లతో, బాంబులతో కొట్టాయి. నౌక కదలడం లేదు, పెద్దది, ఎదురు కాల్పులు తక్కువ. ట్యాంకుకి తగలని రాకెట్లు దానికి బాగా తగిలాయి. కాప్ అర్కోనా తగలబడి పక్కకు ఒరిగింది. మే నెలైనా ఆ సముద్రం నీళ్లు గడ్డకట్టేంత చలి. ఈదుకుంటూ ఒడ్డుకు చేరినవారిలో కొందరిని అక్కడి నాజీ కాపలాదారులు కాల్చేశారు. మొత్తం సుమారు 7,000 మంది చనిపోయారు. బ్రిటిష్ సైన్యం అదే రోజు ఆ ఊళ్లోకి ప్రవేశించింది. ఇంకొన్ని గంటలు గడిచి ఉంటే వాళ్లు విడుదలైనట్టే.

పైలట్లలో చాలామందికి తాము కొట్టింది ఎవరినో యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు.

ప్రశ్న: ఆ టైఫూన్ ఇప్పుడు ఎక్కడైనా చూడటానికి ఉందా?

జవాబు: పూర్తి రూపంలో మిగిలింది ఒక్కటే. యుద్ధకాలంలో మూడు వేలకు పైగా తయారు చేశారు, యుద్ధం అయిపోగానే అన్నీ తుక్కు కింద పోయాయి. ఆ ఒక్కటి ఎలా మిగిలిందంటే, 1944లో పరీక్షల కోసం అమెరికాకు పంపిన విమానం అది. అక్కడ కొద్ది గంటలు మాత్రమే ఎగిరి గోదాములో ఉండిపోయింది. 1968లో బ్రిటన్ దానికి బదులుగా ఒక హరికేన్‌ను అమెరికాకు ఇచ్చి వెనక్కి తెచ్చుకుంది. ఇప్పుడు రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సొత్తు, నంబర్ ఎంఎన్ 235. రెక్కల కింద రాకెట్ల పట్టాలు చూడొచ్చు, గడ్డం కింద ఆ రేడియేటర్ నోరు చూడొచ్చు. కానీ ఆ విమానం ఒక్కసారి కూడా యుద్ధానికి వెళ్లలేదు.